పాదరసం లేని ట్యూబులైటు: ఫాస్ఫర్ దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

1. పద్మరాగం (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఫాస్ఫర్‌ల మీద పరిశోధనకు చేరి ఎనిమిది నెలలయింది. మా మార్గదర్శకులు ఇచ్చిన అంశం పాదరసం లేని ఫ్లోరోసెంట్ దీపాలకు పనికొచ్చే ఫాస్ఫర్ పదార్థాలు. పాదరసం ఆవిరికి బదులు జినాన్ వాయువు నింపి, దాని నుంచి వచ్చే 147, 172 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఫాస్ఫర్‌తో కంటికి కనిపించే వెలుగుగా మార్చాలి.

చదువుతున్న కొద్దీ నాకు ఒక సందేహం బలపడుతోంది. 1990ల చివరి నుంచి పదేళ్ళపాటు దీని మీద పరిశోధన పత్రాలు కుప్పలుగా వచ్చాయి. తరువాత పలచబడ్డాయి. జినాన్ దీపాలు స్కానర్లలోకి, ఫోటోకాపీ యంత్రాల్లోకి వెళ్ళాయి కానీ ఇంటి గోడ మీదికి రాలేదు. 1999లోనే 190 శాతం క్వాంటమ్ దక్షత ఉన్న, అంటే వంద ఫోటాన్లు (కాంతి కణాలు) పోస్తే 190 తిరిగి ఇచ్చే ఫాస్ఫర్ దొరికిందని చదివాను. అంత మంచి పదార్థం చేతిలో ఉండి కూడా దీపం ఎందుకు తయారు కాలేదు? ఇంకా చేయడానికి ఈ అంశంలో ఏమైనా మిగిలి ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

2. చోక్‌స్టార్టర్ (హైదరాబాద్)

అమ్మా, నేను చదువుకున్నది ఐటీఐ. ట్యూబులైట్లు తయారుచేసే ఒక కర్మాగారంలో 26 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. సిద్ధాంతం చెప్పలేను, చూసింది చెబుతాను.

గాజు గొట్టాలను నిలువుగా నిలబెట్టి, పాలలా చిక్కగా ఉన్న ఫాస్ఫర్ ద్రావణాన్ని లోపలికి పోసేవాళ్ళం. అది గోడల వెంట జారి పలచటి పూతగా నిలిచేది. ఆరబెట్టి కొలిమిలో కాలిస్తే జిగురు మండిపోయి పొడి ఒక్కటే మిగిలేది. తరువాత కొసలు మూసి, గాలి లాగేసి, ఆర్గాన్ నింపి, ఒక చుక్క పాదరసం వేసేవాళ్ళు. దీపం వెలగడానికి కావలసిన ఆవిరి అందులో లేశమే. అయినా అంత వేయక తప్పదు, ఎందుకంటే ఏళ్ళ తరబడి గాజూ ఫాస్ఫరూ పాదరసాన్ని తాగేస్తూ ఉంటాయి. తక్కువ వేస్తే గొట్టం ముందే గులాబీ రంగుకు తిరిగి చచ్చిపోతుంది.

ఆ చుక్క వేసే యంత్రం దగ్గర పనిచేసిన నా మిత్రుడికి చివరి రోజుల్లో టీ గ్లాసు పట్టుకుంటే చేయి వణికేది. పాదరసం వల్లనే అని ఏ వైద్యుడూ రాసి ఇవ్వలేదు. నేను మాత్రం మరో కారణం అనుకోలేకపోయాను. అందుకే మీ అంశం చూడగానే సంతోషం వేసింది. ఎవరో ఒకరు దీని గురించి ఇంకా ఆలోచిస్తున్నారు.

3. లెక్కలమాస్టారు (గుంటూరు)

పద్మరాగం గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. మా విద్యార్థులకు రూపాయల్లో చెబుతాను.

ఫోటాన్ శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో కొలుస్తాం. దాన్ని రూపాయి అనుకుందాం. పాదరసం ఇచ్చే 254 నానోమీటర్ల ఫోటాన్ విలువ 4 రూపాయల 88 పైసలు. జినాన్ ఇచ్చే 172 నానోమీటర్ల ఫోటాన్ విలువ 7 రూపాయల 20 పైసలు. ఫాస్ఫర్ అనే అంగడిలో మనం కొనే సరుకు, అంటే సగటున 555 నానోమీటర్ల దగ్గరి వెలుగు, 2 రూపాయల 23 పైసలు. ఈ అంగడిలో చిల్లర ఇవ్వరు. ఏ నోటు ఇచ్చినా ఒక్క వస్తువే చేతికొస్తుంది. మిగిలిందంతా వేడిగా పోతుంది.

పాదరసం నోటుతో కొంటే పెట్టినదానిలో 46 శాతం వెలుగవుతుంది. జినాన్ నోటుతో 31 శాతమే. ఇప్పుడు దీపం మొత్తం చూడండి. మంచి పాదరసం గొట్టం తాను తీసుకున్న విద్యుత్తులో 60 నుంచి 65 శాతం దాకా అతినీలలోహిత కాంతిగా మారుస్తుంది. జినాన్ కూడా, విద్యుత్తును చిన్న చిన్న స్పందనలుగా పంపితే, దాదాపు 60 శాతం అందుకుంటుంది. ఉత్సర్గంలో, అంటే వాయువు గుండా విద్యుత్తు పారి అతినీలలోహిత కాంతి పుట్టే దశలో, ఇద్దరూ సమానమే. ఫాస్ఫర్ నూటికి 90 ఫోటాన్లను మార్చిందనుకుంటే, 100 వాట్లకు పాదరసం దీపం 26 వాట్ల వెలుగు ఇస్తుంది, జినాన్ దీపం 17 వాట్లు ఇస్తుంది. వాటుకు దాదాపు 90 ల్యూమెన్లు ఒకవైపు, 58 మరోవైపు. తేడా అంతా ఆ చిల్లరలోనే ఉంది.

అందుకే ఒక పెద్ద నోటుకు రెండు వస్తువులు ఇచ్చే ఫాస్ఫర్ కోసం అందరూ వెతికారు. 7.20లో 2.23 రెండుసార్లు సులువుగా ఇముడుతుంది, ఇంకా మిగులుతుంది. లెక్క ఒప్పుకుంటుంది. పదార్థం ఎందుకు ఒప్పుకోలేదో నాకన్నా తెలిసినవారు చెప్పాలి.

4. డచ్చితీరం (నెదర్లాండ్స్)

మాస్టారు గారి రూపాయి లెక్క నాకు చాలా నచ్చింది. పదార్థం సంగతి నేను చెబుతాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో కొన్నేళ్ళు ఈ పనిలోనే ఉన్నాను.

ఒక ఫోటాన్‌ను రెండుగా విడగొట్టవచ్చని డెక్స్టర్ 1957లోనే సిద్ధాంతంగా చెప్పాడు. 1974లో అమెరికాలో ఒక బృందం, ఇక్కడ ఫిలిప్స్‌లో మరో బృందం విడివిడిగా ప్రేసియోడిమియం కలిపిన ఇట్రియం ఫ్లోరైడ్‌లో దాన్ని చూశాయి. వంద ఫోటాన్లు పోతే 140 దాకా వచ్చాయి. అయితే ఆ రెండింటిలో మొదటిది 405 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతి. మన కన్ను దాన్ని దాదాపుగా చూడదు. రెండు వస్తువులు ఇచ్చారు, ఒకటి మనకు అక్కరకు రానిది.

1999 నాటిది యూట్రెక్ట్ విశ్వవిద్యాలయం పని. మైయరింక్, వెగ్, వారి సహచరులు లిథియం గాడోలినియం ఫ్లోరైడ్‌లో కొద్దిగా యూరోపియం కలిపారు. గాడోలినియం 202 నానోమీటర్ల కాంతిని మింగి పై మెట్టుకు ఎక్కుతుంది. దిగేటప్పుడు ఒక్కసారిగా దిగదు. ముందు శక్తిలో కొంత భాగాన్ని పక్కనున్న యూరోపియంకు ఇచ్చి మధ్య మెట్టు మీద ఆగుతుంది. ఆ యూరోపియం ఎర్రగా వెలుగుతుంది. మిగిలిన శక్తి ఒక గాడోలినియం నుంచి మరో గాడోలినియానికి చేతులు మారుతూ స్ఫటికమంతా తిరిగి, చివరికి ఇంకో యూరోపియంను చేరుతుంది. అదీ ఎర్రగానే వెలుగుతుంది. ఒక ఫోటాన్ పోసి రెండు ఎర్ర ఫోటాన్లు తీశారు. ఆ పత్రాన్ని మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ అంత అందమైన భౌతికశాస్త్రం తక్కువే చూశానంటాను.

ఇక 190 శాతం అన్న అంకె. అది స్ఫటికం మింగిన ఫోటాన్లకు సంబంధించిన లెక్క. మింగనివి ఆ లెక్కలో లేవు. గాడోలినియం శోషణ చాలా బలహీనం. పైగా దానికి కావలసింది 202, జినాన్ ఇచ్చేది 172. పూత మీద పడిన కాంతిలో చాలా భాగం గాడోలినియానికి అందకుండానే వెళ్ళిపోతుంది. పడిన ప్రతి ఫోటాన్‌నూ లెక్కలోకి తీసుకుంటే ఆ గొప్ప అంకె మామూలు ఫాస్ఫర్ కన్నా కిందికి దిగుతుంది.

5. పద్మరాగం

ధన్యవాదాలండీ. ఇన్నాళ్ళూ నేను లోపలి దక్షతనూ (మింగిన ఫోటాన్లకు లెక్క) బయటి దక్షతనూ (పడిన ఫోటాన్లన్నిటికీ లెక్క) ఒకటిగానే చదువుతూ వచ్చాను. అయితే కాంతిని గట్టిగా మింగే మరో అయాన్‌ను కలిపి, అది మింగి గాడోలినియానికి అందించేలా చేయవచ్చు కదా?

6. డచ్చితీరం

సరిగ్గా ఆ దారే పట్టారు. ఎర్బియంను మింగేదిగా, టెర్బియంను వెలిగేదిగా పెట్టి లిథియం గాడోలినియం ఫ్లోరైడ్‌లో ఆకుపచ్చ కాంతి కూడా తెచ్చారు. అయితే కలిపే ప్రతి అయాన్‌తో శక్తి పక్కదారి పట్టే చోటు మరొకటి తెరుచుకుంటుంది. ఒకచోట బిగిస్తే మరోచోట కారుతుంది. దీపంలో పెట్టదగ్గది ఏదీ నా కళ్ళ ముందు తయారు కాలేదు.

7. వెలుగుబాట (హైదరాబాద్)

నేను ఎల్‌ఈడీ దీపాల రూపకల్పనలో ఉన్నాను. పరుషంగా అనిపిస్తే మన్నించండి. ఒక విద్యార్థిని జీవితంలో నాలుగైదేళ్ళు ఇందులో పెట్టబోతోంది కాబట్టి దాచకుండా చెప్పాలి.

సాధారణ వెలుతురు విషయంలో ఈ పోటీ ముగిసింది. 1996లో నిచియా సంస్థ నీలం ఎల్‌ఈడీ మీద సీరియం కలిపిన ఇట్రియం అల్యూమినియం గార్నెట్ పూసి తెల్లని వెలుగు తెచ్చింది. మాస్టారు గారి రూపాయల్లోనే చూడండి. 450 నానోమీటర్ల నీలం ఫోటాన్ విలువ 2 రూపాయల 76 పైసలు. 2.23 సరుకుకు పోయే చిల్లర దాదాపు అర్ధరూపాయి. ఇక రెండు ఫోటాన్లు తీయాలన్న అవసరమే లేదు. ఆ నోటుకు ఒక్క సరుకుతోనే లెక్క సరిపోయింది. పాదరసమూ లేదు.

పైగా పాదరసం వాడకాన్ని అరికట్టే మినమాటా ఒప్పందం సభ్యదేశాలు 2023లో జెనీవాలో కూర్చుని, హాలోఫాస్ఫేట్ ట్యూబులను 2026తోనూ, మూడు రంగుల ఫాస్ఫర్ ట్యూబులను 2027తోనూ ఆపాలని నిర్ణయించాయి. ఫ్లోరోసెంట్ గొట్టం వెళ్ళిపోతోంది. వెళ్ళిపోయే దానికి కొత్త ఫాస్ఫర్ ఎందుకు? అంశం మార్చుకోమని మీ మార్గదర్శకులతో మాట్లాడండి.

8. చోక్‌స్టార్టర్

బాబూ, మీరు చెప్పింది నిజమే. మా ఇంట్లోనూ ఇప్పుడు ఎల్‌ఈడీలే. అయితే ఒక మాట. దేశంలో ఇప్పటికే గోడలకు వేలాడుతున్న గొట్టాలు ఎక్కడికి పోతాయి? మా వీధి చివర చెత్తకుప్పలో ప్రతి వారం రెండు మూడు పగిలి కనిపిస్తాయి. ఒక్కోదానిలో ఉన్నది కొన్ని మిల్లీగ్రాములే కావచ్చు. పిల్లలు ఆ గాజు గొట్టాలతో కత్తియుద్ధం ఆడతారు. పదేళ్ళ ముందే పాదరసం లేని గొట్టం వచ్చి ఉంటే ఆ కుప్పలో ఉన్నది ఉత్త గాజే అయ్యేది. పోటీ ముగిసిందని మీరంటే ఒప్పుకుంటాను, అది ఆలస్యంగా ముగిసిందని కూడా చెప్పాలి.

9. మూసకొలిమి (బెంగళూరు)

అంశం మార్చుకున్నా మార్చుకోకపోయినా ఈ పదార్థాలు చేయడం నేర్చుకోవడం వృథా కాదు. చేత్తో చేసినవాడిగా నాలుగు సంగతులు.

నీలానికి అందరూ వాడేది యూరోపియం కలిపిన బేరియం మెగ్నీషియం అల్యూమినేట్. మేమంతా బామ్ అని పిలుస్తాం. పాదరసం గొట్టాల్లోనూ, ప్లాస్మా టీవీల్లోనూ అదే నీలం. అందులో యూరోపియం రెండు విలువల స్థితిలో ఉండాలి. గాలి తగిలితే మూడు విలువలకు వెళ్ళి నీలం బదులు ఎరుపు తొంగి చూస్తుంది. నైట్రోజన్‌లో అయిదు శాతం హైడ్రోజన్ కలిపి కాల్చాలి. ఆ ఏర్పాటు లేకపోతే చిన్న మూసలో నమూనా, దాన్ని పెద్ద మూసలో పెట్టి చుట్టూ బొగ్గుపొడి కూరి మూత వేసి కాల్చండి. చోక్‌స్టార్టర్ గారు చెప్పిన జిగురు కాల్చే దశ ఉంది చూశారా, బామ్ సగం దెబ్బ తినేది అక్కడే. గాలిలో కాలుస్తారు కాబట్టి పైపైన ఉన్న యూరోపియం మారిపోతుంది. పాదరసం గొట్టంలో ఆ నష్టం కొంత సర్దుకుంటుంది. జినాన్‌లో సర్దుకోదు, ఎందుకంటే 172 నానోమీటర్ల కాంతిని స్ఫటికంలో ఆ పై పొరే మింగేస్తుంది, అది లోపలికి చొచ్చుకుపోదు. ఫాస్ఫర్ గింజ పైచర్మం బాగాలేకపోతే లోపల ఎంత శుద్ధంగా ఉన్నా లాభం లేదు. ప్లాస్మా టీవీల్లో నీలం ముందుగా వాడిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఫ్లోరైడ్ల కష్టం వేరు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫ్లోరిన్ వెళ్ళి ఆక్సిజన్ వచ్చి కూర్చుంటుంది. లిథియం గాడోలినియం ఫ్లోరైడ్ చేయబోతే గాడోలినియం ఆక్సీఫ్లోరైడ్ వస్తుంది. నా మొదటి ఆరు నమూనాలు అలాగే పోయాయి. అమ్మోనియం ఫ్లోరైడ్ ఎక్కువ వేసి, పొడి ఆర్గాన్‌లో కాల్చాక గానీ దారికి రాలేదు. ఆ పొగ ఊపిరితిత్తులకు, ఎముకలకు చాలా ప్రమాదం. పొగను లాగే అలమారా లేకుండా ఆ పని అస్సలు ముట్టుకోవద్దు.

ఆక్సైడ్లకైతే మన దేశంలో పుట్టిన సులువైన దారి ఒకటుంది. 1988లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కింగ్‌స్లీ, పాటిల్ లోహ నైట్రేట్లలో యూరియా కలిపి 500 డిగ్రీల కొలిమిలో పెట్టి అల్యూమినా చేశారు. మిశ్రమం పొంగి, భగ్గున మండి, నిమిషాల్లో నురగలాంటి తేలికైన పొడి మిగులుతుంది. తరువాత ఆ ప్రయోగశాలలోనే ఎకాంబరం, పాటిల్ ఇదే దారిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు దీపపు ఫాస్ఫర్‌లనూ చేశారు. 1,500 డిగ్రీల కొలిమి లేని కళాశాలలకు ఇది వరం.

10. లెక్కలమాస్టారు

వెలుగుబాట గారి లెక్క సరైనదే. నాకు ఒకటి తోస్తోంది. మన ఇబ్బంది అంతా 7.20 నోటుతో 2.23 సరుకు కొనడం వల్ల వచ్చింది. నోటు మార్చడం ఎల్‌ఈడీ పని. సరుకు మారిస్తే? జినాన్ నోటుకు దగ్గరి ధర ఉన్న సరుకు ఏదైనా లోకానికి అవసరమా?

11. డచ్చితీరం

మాస్టారూ, మీరు సరిగ్గా ఆ చోటుకే వచ్చారు. నిన్న రాయాలనుకుని ఆగిపోయిన సంగతి అదే.

క్రిములను చంపే అతినీలలోహిత కాంతి. డీఎన్‌ఏ ఎక్కువగా మింగేది 265 నానోమీటర్ల దగ్గర. ఇప్పుడు మన ఇళ్ళలోని నీటి శుద్ధి యంత్రాల్లో, ఆసుపత్రుల్లో, పట్టణాల నీటి కేంద్రాల్లో ఎక్కువగా వెలుగుతున్నది ఫాస్ఫర్ లేని పాదరసం గొట్టమే. దాని 254 నానోమీటర్ల కాంతి నేరుగా పనికొస్తుంది. వెలుతురు దీపాల నుంచి పాదరసం వెళ్ళిపోతున్నా, నీటి దగ్గర అది ఇంకా ఉంది. తాగే నీటి పక్కనే గాజు గొట్టంలో పాదరసం.

జినాన్ దీపం లోపల బిస్మత్ కలిపిన ఇట్రియం ఫాస్ఫేట్ పూస్తే 240 నానోమీటర్ల దగ్గర కాంతి వస్తుంది. ప్రేసియోడిమియం కలిపిన లాంథనం ఫాస్ఫేట్ 225 దగ్గర మొదలుపెట్టి పైకి ఇస్తుంది. ఇప్పుడు రూపాయి లెక్క చూడండి. 7.20 ఇచ్చి 5.15 సరుకు. 70 శాతానికి పైగా చేతికొస్తుంది. రెండు ఫోటాన్లు అక్కరలేదు, గాడోలినియం అక్కరలేదు, ఫ్లోరైడు అక్కరలేదు. పైగా జినాన్ దీపం మీట నొక్కగానే పూర్తిగా వెలుగుతుంది, చల్లటి నీటిలో ముంచినా తగ్గదు. పాదరసం ఆవిరి పీడనం వేడిని బట్టి మారుతుంది కాబట్టి దానికి చలి గిట్టదు.

కష్టం మిగిలే ఉంది. 172 కాంతి కింద ఈ ఫాస్ఫేట్లు వాడిపోతాయి. మూసకొలిమి గారు చెప్పిన పైచర్మం సమస్యే ఇక్కడా ఉంది. గింజకు పలచటి రక్షణ పూత ఎలా వేయాలి, ఏది వేయాలి అన్నది ఇంకా తేలలేదు. పని మిగిలి ఉందా అని అడిగారు కదా. ఇదిగో, ఇక్కడ ఉంది.

12. వెలుగుబాట

ఇది ఒప్పుకుంటున్నాను. అతినీలలోహిత ఎల్‌ఈడీలు ఉన్నాయి గానీ 265 దగ్గర వాటి దక్షత నీలం ఎల్‌ఈడీ దరిదాపుల్లో కూడా లేదు. పెద్ద నీటి కేంద్రానికి అవి ఇప్పుడే చాలవు. అంశం మార్చుకోమన్న మాట వెనక్కి తీసుకుంటాను. గురి మార్చుకోండి, అంశం ఉంచుకోండి.

13. ఇసుకమేట (భీమునిపట్నం)

చాలా రోజులుగా మౌనంగా చదివేవాణ్ణి, ఇప్పుడు ఉండలేకపోయాను. లాంథనం ఫాస్ఫేట్ అన్నారు. మా ఊరి ఒడ్డున ఇసుకలో దొరికే మోనజైట్ ఏమిటో తెలుసా? సీరియం, లాంథనం, నియోడిమియం, కొద్దిగా ప్రేసియోడిమియం ఉన్న ఫాస్ఫేటే. తోరియం కూడా ఉంటుంది కాబట్టి అది ప్రభుత్వం చేతిలో ఉంది. దేశంలో మోనజైట్ నిల్వలు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే.

ట్యూబులైటు ఎరుపుకు, ఆకుపచ్చకు కావలసిన యూరోపియం, టెర్బియం మన ఇసుకలో నలుసంత. 2010లో చైనా ఎగుమతులు బిగించాక, 2011 కల్లా వాటి ధరలు ఎన్నో రెట్లు పెరిగి దీపాల తయారీదారులు అల్లాడిపోయారు. లాంథనం, ప్రేసియోడిమియం అలా నలుసంత కాదు. మన ఇసుకలో ఉన్నవే అవి. డచ్చితీరం గారు చెప్పిన లాంథనం ఫాస్ఫేట్ ఫాస్ఫర్ స్ఫటిక నిర్మాణం కూడా మోనజైట్ నిర్మాణమే. ఒడ్డున నడిచేటప్పుడు కాళ్ళకు అంటుకునే ఆ బరువైన ఇసుకను ఇక మామూలుగా చూడలేను.

14. పద్మరాగం

నాలుగు రోజులు సెలవు పెట్టి ఇవన్నీ మళ్ళీ మళ్ళీ చదివాను. నిన్న మా మార్గదర్శకుల దగ్గర కూర్చుని మాస్టారు గారి రూపాయి లెక్కను నల్లబల్ల మీద వేశాను. ఆయన చాలాసేపు చూసి, "అంశం పేరులో దీపాలు అని ఉంది, వెలుతురు అని లేదు కదా" అన్నారు. పేరు మార్చకుండానే గురి మారింది. లాంథనం ఫాస్ఫేట్‌లో ప్రేసియోడిమియం, పైన రక్షణ పూత.

ఒక అడ్డంకి ఉంది. మా విభాగంలో ఉన్న యంత్రం 200 నానోమీటర్ల కిందికి పనిచేయదు. అక్కడ గాలిలోని ఆక్సిజనే కాంతిని మింగేస్తుందట. 172 దగ్గర నా నమూనా ఎలా ఉందో చూడకుండా ఏమీ చెప్పలేను.

15. మూసకొలిమి

ఇందోర్‌లోని రాజా రామన్న ఉన్నత సాంకేతిక కేంద్రానికి దరఖాస్తు చేయండి. అక్కడి ఇండస్-1 సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో వేగంగా తిప్పి కాంతి పుట్టించే యంత్రం) 450 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులది. శూన్యంలో ఈ తరంగదైర్ఘ్యాల కాంతి ఇవ్వడానికే కట్టారు. విశ్వవిద్యాలయాల విద్యార్థులకు అవకాశం ఇస్తారు. వెళ్ళేముందు ఎక్స్‌కిరణాల పరీక్షలో నమూనా పూర్తిగా మోనజైట్ నిర్మాణంలోకి వచ్చిందో లేదో చూసుకోండి. ఫాస్ఫేట్లను తక్కువ వేడిలో ఆపేస్తే నీటిని పట్టుకున్న మరో రూపం మిగిలిపోతుంది. అది వెలుగును చంపుతుంది. పూత వేసిన నమూనా, వేయని నమూనా రెండూ ఒకే మూసలో, ఒకే రోజు కాల్చినవై ఉండాలి. లేకపోతే తేడా పూత వల్ల వచ్చిందో, కొలిమి వల్ల వచ్చిందో తేల్చలేరు.

16. చోక్‌స్టార్టర్

అమ్మా, పూత వేసేటప్పుడు ఒక చిన్న సంగతి గుర్తుంచుకో. మేము ఫాస్ఫర్ పోసే ముందు గాజు మీద అల్యూమినా సన్నటి పొర వేసేవాళ్ళం, గాజు పాదరసాన్ని తాగకుండా. పొడి మరీ సన్నగా ఉంటే ముద్దలు కట్టేది, ముతకగా ఉంటే జారిపోయేది. రెండు రాత్రులు ఆగకుండా కలిపిన ద్రావణమే సమంగా పరుచుకునేది. తొందరపడి గంటలో కలిపినది ఎప్పుడూ చారలు పడేది.

17. పద్మరాగం

రెండు రాత్రులు అని నా పుస్తకంలో రాసుకున్నాను, తాతగారూ. ఈ రోజు ఉదయం మొదటి మూస కొలిమిలో పెట్టాను, 1,000 డిగ్రీలకు. రేపు మధ్యాహ్నానికి చల్లారుతుంది. తీశాక ఇక్కడే రాస్తాను.